రెండో ఏటి పువ్వు

క్యారెట్ పువ్వు ఎలా ఉంటుందంటే మనలో చాలామందికి చప్పున గుర్తురాదు. బెండపువ్వు తెలుసు, గుమ్మడిపువ్వు తెలుసు, ముదిరిపోయిన ముల్లంగి మడిలో తెల్లపూలు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటాం. వారానికి రెండుసార్లు వంటింట్లోకి వచ్చే క్యారెట్ కూడా పూస్తుందన్న ఊహే రాదు. పూసేదాకా ఉండనిస్తే కదా! క్యారెట్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు ఆకులు వేసి, ఆ ఆకులు ఎండలో సంపాదించినదంతా వేరులోకి దించుకుంటుంది. చలికాలమంతా నేలలో తలదాచుకుంటుంది. మరుసటి వసంతంలో ఆ దాచిందంతా ఖర్చుపెట్టి కాడ ఎత్తి, పూసి, గింజ కట్టి, ఎండిపోతుంది. అంటే మనం కోరి, తరిగి, తాలింపు వేసుకునేది ఒక పువ్వు కోసం పోగుచేసిన సొమ్ము. మన కోసం చేసింది కాదు.

ఈ సంగతి తెలిసినంత మాత్రాన నేను క్యారెట్ తినడం మానలేదు. ఎవరినీ మానమనీ చెప్పబోవడం లేదు. కాకపోతే పెరట్లో దుంపలు పెంచడం మొదలుపెట్టాక, దాచుకోవడమనే పని మీద చిన్నప్పటినుంచీ నాకున్న గౌరవం కాస్త అటూ ఇటూ అయింది. మా ఇళ్లల్లో దాచుకోవడాన్ని మించిన సుగుణం లేదు. దాచింది ఎప్పుడు తీయాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

మేముండేది ఇంగ్లండ్ నడిమి జిల్లాల్లో, బంకమట్టి నేల మీద. తెనాలి పక్క నల్లరేగడిలో పుట్టి పెరిగినదాన్ని గనక ఆ మట్టికి నేను బెదరలేదు. తడిస్తే చెప్పులు లాగేసుకుంటుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది, తెలిసిన గుణమే. ఇక్కడ ఇంటి వెనక కూరగాయలు పండించుకోవడమంటే ప్రాణం పెట్టే జనం ఎక్కువ. పెరడు లేనివాళ్లకు ఊరి కౌన్సిలు చిన్న చిన్న నేల చెక్కలు అద్దెకిస్తుంది. అలాట్‌మెంట్లంటారు వాటిని. అడిగినవాళ్లకు అవి చూపించాలని 1908లో చట్టమే చేశారు. ఒక చెక్క పాత కొలతలో పది రాడ్లు, సుమారు 250 చదరపు మీటర్లు. మన ప్లాట్ల భాషలో మూడు వందల గజాలన్నమాట. అంత చోటు దొరికితే మనవాడు ముందు ప్రహరీ కడతాడు. ఇంగ్లిషువాడు ఉల్లిపాయలు వేస్తాడు.

పార్స్‌నిప్ అనే దుంపను మొదటిసారి చూసింది ఇక్కడే. దంతం రంగు, వెడల్పాటి భుజాలు, కిందికి పోనుపోను తోకలా సన్నబడే వేరు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు దాన్ని చూసి ముల్లంగి అనుకుంది. గిచ్చి వాసన చూశాక, "కాదమ్మాయ్, ఇదేదో వాముకి చుట్టం" అంది. అమ్మ వృక్షశాస్త్రం చదవలేదు గాని ఆ మాట అక్షరాలా నిజం. వాము, జీలకర్ర, సోంపు, కొత్తిమీర, క్యారెట్, పార్స్‌నిప్ అన్నీ ఏపియేసీ అనే ఒకే కుటుంబం. పువ్వు గుత్తి తిరగేసిన గొడుగు ఊచల్లా విచ్చుకోవడం వీటి ఇంటి గుర్తు. ధనియాన్ని నలిపితే రెండు బద్దలవుతుంది చూడండి, క్యారెట్ కాయ కూడా అలాగే రెండుగా విడిపోతుంది. ఒంటినిండా నూగులాంటి ముళ్లుంటాయి. విత్తనాల కంపెనీలు వాటిని రుద్ది తీసేసి నున్నగా మనకిస్తాయి.

ఒకే ఇంటి పిల్లలైనా బతికే తీరు వేరు. కొత్తిమీర మూడు నాలుగు నెలల్లో మొలిచి, ఆకు వేసి, పూసి, ధనియాలు రాల్చి వెళ్లిపోతుంది. రేపటి కోసం దాచేదేమీ ఉండదు, అందుకే దాని వేరు పూచికపుల్ల. క్యారెట్, పార్స్‌నిప్ చలిదేశాల్లో బతకడం నేర్చినవి. విత్తనం కట్టేలోపు మంచు ముంచుకొస్తుందన్న భయం ఉన్నచోట తొందరపడి పూయడం కంటే ఒక ఏడు ఆగడం మేలు. ఆగాలంటే తిండి కావాలి. ఆ తిండే దుంప.

చలి బాగా ముదిరాక ఆ దుంపలో ఒక మార్పు జరుగుతుంది. పార్స్‌నిప్ తనలోని పిండిపదార్థాన్ని కరిగించి చక్కెరగా మార్చుకుంటుంది. చక్కెర కలిసిన నీళ్లు మామూలు నీళ్లంత త్వరగా గడ్డకట్టవు గనక కణాలు పగిలిపోకుండా నిలుస్తాయి. క్యారెట్‌కు మరో ఆయుధం కూడా ఉంది. లోపల ఏర్పడే మంచు పలుకులు పెద్దవి కాకుండా ఆపే ప్రోటీన్ ఒకటి దానిలో ఉందని 1998లో బ్రిటన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. మా పక్కింటి పెద్దాయనకు ఈ శాస్త్రమంతా అక్కర్లేదు. గట్టి మంచు ఒకసారి కురిస్తేగాని పార్స్‌నిప్ తవ్వకూడదని ఆయన నియమం. అక్టోబరులో తవ్వినదీ డిసెంబరులో తవ్వినదీ పక్కపక్కన వేయించి తింటే ఆ నియమం ఎందుకు పెట్టుకున్నాడో తెలుస్తుంది. మొదటిది చప్పిడి పిండి. రెండోది అంచుల్లో గోధుమరంగు పాకం కట్టి, పంచదార వేశారా అని అడిగిస్తుంది. చలికి తట్టుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు మన నాలుకకు తీపిగా తగులుతోంది, అంతే.

చెరకు చక్కెర కులీనుల బీరువాల్లో తాళం వేసి ఉండే రోజుల్లో యూరప్ పేదలకు ఈ దుంప తీపిపదార్థం కూడా. దీన్ని ఉడికించి తీపి వంటకాల్లో వేసేవారు, పులియబెట్టి వైన్ చేసేవారు. తర్వాత దానికి రెండు వైపులనుంచీ దెబ్బ పడింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన బంగాళాదుంప కడుపు నింపే పని లాక్కుంది. 1747లో మార్‌గ్రాఫ్ అనే బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త బీట్‌రూట్ జాతి దుంపలో చెరకులో ఉన్న చక్కెరే ఉందని కనిపెట్టాడు. ఆ తర్వాతి శతాబ్దంలో బీట్ చక్కెర మిల్లులు లేచాయి, తీపి పనీ పోయింది. ఇంగ్లిషువాళ్లు మాత్రం దాన్ని క్రిస్మస్ పళ్లెంలో, కాల్చిన మాంసం పక్కన ఇంకా అట్టిపెట్టుకున్నారు. మనం సంక్రాంతికి గుమ్మడికాయను అట్టిపెట్టుకున్నట్టు.

పెంచడం గురించి చెప్పాలంటే ముందు విత్తనం. పార్స్‌నిప్ గింజ పల్చటి కాగితం బిళ్ల. గాలి రోజున విత్తితే మీ మడిలో కాక పక్కింటి మడిలో మొలుస్తుంది. పైగా అది ఒక్క ఏడాదే బతుకుతుంది. పోయినేడు మిగిలిన ప్యాకెట్ మీద ఆశ పెట్టుకోవడం దండగ. క్యారెట్ గింజ కొంచెం నయం, మూడేళ్లదాకా మొలుస్తుంది. రెండింటినీ నారు పోసి నాటకూడదు, ఉండాల్సిన చోటే విత్తాలి. మొలక ముందు కిందికి ఒకే ఒక వేరు దించుతుంది. ఆ వేరు కొస దెబ్బతింటే దుంప నిటారుగా దిగదు. ప్యాకెట్ మీద ఫిబ్రవరిలో విత్తవచ్చని అచ్చు వేస్తారు గాని, ఇక్కడి ఫిబ్రవరి నేలలో విత్తనం చలికి ముడుచుకుని కుళ్లిపోతుంది. ఏప్రిల్ దాకా ఆగడమే తెలివి. ఆగినా మొలవడానికి మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది. ఈలోగా కలుపు ఏదో మొలక ఏదో తెలియక తికమక. అందుకని అదే వరసలో అక్కడక్కడా ముల్లంగి గింజలు వేస్తారు. అవి వారంలో లేచి వరస ఎక్కడుందో చూపిస్తాయి, పార్స్‌నిప్ మేలుకునేసరికి మన పళ్లెంలోకి వచ్చేస్తాయి. ఇంత మర్యాదగల ఏర్పాటు తోటపనిలో మరొకటి నాకు కనబడలేదు.

నేలలో రాయి తగిలితే దుంప చీలుతుంది. పచ్చి పెంట వేసిన మడిలోనూ అంతే, రెండు కాళ్లు, మూడు కాళ్లు వేసుకుని వస్తుంది. అందుకని ఎరువు ముందు ఏటి పంటకు వేసి, ఆ మడిలో ఈ ఏడు దుంపలు వేయాలి. మా బంకమట్టిలో చాలామంది ఇసుక కలిపిన మడిని ఎత్తుగా కట్టుకుంటారు. పోటీలకు పెంచేవాళ్ల దారి వేరు. వాళ్లు డ్రమ్ముల నిండా ఇసుక పోసి, గడ్డపారతో నిలువు బొరియలు దింపి, వాటిలో జల్లించిన మట్టి కూరి, ఒక్కో బొరియకు ఒక్కో మొక్కను ఉంచుతారు. 2016లో ఇక్కడ ఒకాయన గొట్టాల్లో పెంచిన క్యారెట్ 6.245 మీటర్లు పొడుగు తేలింది, ప్రపంచ రికార్డు. అందులో కూరకు పనికొచ్చేది మూరెడు ఉంటుందేమో, మిగతాదంతా దారమే. ఇలాంటి పోటీలంటే నాకు నవ్వూ, కొంచెం అసూయా.

క్యారెట్‌కు ఇక్కడ ఒక ప్రత్యేకమైన శత్రువు ఉంది. క్యారెట్ ఈగ. ఒత్తుగా మొలిచిన మొక్కల్ని పీకి పలచన చేసేటప్పుడు ఆకు నలిగి వాసన వస్తుంది. మనకు హాయిగా ఉండే ఆ వాసన దానికి విందు పిలుపు. వచ్చి మొక్క మొదట్లో గుడ్లు పెడుతుంది, పురుగులు దుంపలోకి తుప్పురంగు సొరంగాలు తవ్వుతాయి. పైకి ఆకు పచ్చగానే ఉంటుంది. ఈ ఈగ నేలకు దగ్గరగా ఎగురుతుందని కనిపెట్టినవాళ్లు మడి చుట్టూ రెండడుగుల ఎత్తున సన్నటి వల కడతారు. ఉల్లి పక్కన వేస్తే రాదనేవాళ్లూ ఉన్నారు. నా నమ్మకం వల మీదే.

ఇక దాచుకోవడం సంగతి. అడవి క్యారెట్, అడవి పార్స్‌నిప్ ఇంగ్లండ్ రోడ్ల పక్కన ఇప్పటికీ పెరుగుతాయి. వాటి వేరు తెల్లగా, వేలెడు లావున, నారనారగా ఉంటుంది. ఒక పువ్వుకు ఎంత కావాలో అంతే దాచుకుంటాయి. అంతకు పది రెట్లు దాచే క్యారెట్ మనిషి చేసినది. తరాల తరబడి లావు వేరున్న మొక్కల్నే ఎంచి విత్తనానికి ఉంచుతూ పోయాడు. ఆ మార్పుకు ఎక్కువ కాలం కూడా పట్టదని చూపించినవాడు జేమ్స్ బక్‌మన్. సిరెన్‌సెస్టర్ వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడు. 1847లో అడవి పార్స్‌నిప్ గింజలు ఏరుకొచ్చి, ఏటికేడాది మంచి దుంపల్ని ఏరుకుంటూ పోయి, 1860 నాటికల్లా సటన్స్ విత్తనాల కంపెనీ అమ్ముకునే రకంగా మార్చేశాడు. దానికి 'ది స్టూడెంట్' అని పేరు పెట్టారు. పొదుపరిని పట్టుకొచ్చి పిసినారిని చేయడానికి పుష్కరం చాలిందన్నమాట. ఆ రకం విత్తనాలు ఇప్పటికీ దొరుకుతాయి, నేను వేసేదీ అదే.

రంగు కూడా మనిషి చేతి పనే. పదో శతాబ్దంలో ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపు సాగులో ఉన్న క్యారెట్లు ఊదారంగువి, పసుపువి. నారింజ రంగు నెదర్లాండ్స్‌లో స్థిరపడింది, పదహారు పదిహేడు శతాబ్దాల నాటి అక్కడి చిత్రాల్లో కనిపిస్తుంది. ఆరెంజ్ రాజవంశం మీద భక్తితో రైతులు ఆ రంగు తెచ్చారనే కథ అందరూ చెబుతారు, ఆధారం మాత్రం ఎవరూ చూపించరు. చీకట్లో ఉండే వేరుకు అంత రంగెందుకు? ఆకులో కెరోటిన్ ఎండనుంచి కాపాడుతుంది. మట్టిలో ఏ ఎండ ఉందని? మొక్కకు అంతగా అక్కర్లేని ఆస్తి అది, మనం దాని పేరున రాసి, మనమే అనుభవిస్తున్నాం. 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ దాన్ని క్యారెట్‌లోంచే వేరుచేశాడు, పేరూ క్యారెట్ పేరే. మన ఒంట్లో అది విటమిన్ ఏ అవుతుంది.

క్యారెట్ తింటే కళ్లు బాగా కనిపిస్తాయని మన ఇళ్లల్లో అనే మాటకు ఇక్కడ యుద్ధకాలపు కథ ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో చీకట్లో జర్మన్ విమానాల్ని కూల్చిన జాన్ కన్నింగ్‌హామ్‌ను పత్రికలు పిల్లికళ్లవాడన్నాయి. క్యారెట్లు తినబట్టే అంత చూపని ప్రచారం జరిగింది. అసలు కారణం విమానంలో ఉన్న రాడార్, అది బయటికి చెప్పరాదు. ఆహార శాఖ కూడా చేతిసంచి పట్టుకున్న 'డాక్టర్ క్యారెట్' బొమ్మ వేసి, పిల్లలకు ఐస్‌క్రీమ్ బదులు పుల్లకు గుచ్చిన క్యారెట్ ఇమ్మంది. విటమిన్ ఏ లోపం ఉంటే రేచీకటి వస్తుంది, లోపం తీరితే పోతుంది. అది నిజం. అంతకు మించి ఎన్ని తిన్నా పిల్లికళ్లు రావు. పసిపిల్లలకు విటమిన్ ఏ పెద్ద మోతాదులో చుక్కలుగా వేసే పద్ధతిని రూపొందించింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. 1970లో అది దేశవ్యాప్త కార్యక్రమమైంది. ఆ సంస్థ ఉన్న తార్నాక మీదుగా రోజూ బస్సులో వెళ్లేవాళ్లలో ఎందరికి తెలుసో!

అదే యుద్ధంలో అరటిపళ్ల దిగుమతి ఆగిపోతే, పార్స్‌నిప్ ఉడికించి మెదిపి, అరటి ఎసెన్సు చుక్కలు వేసి బ్రెడ్ మీద రాసుకునేవారు. చక్కెరకేళి గెలలు వేలాడే ఊరి మనిషిని కదా, చేసి చూడకుండా ఉండలేకపోయాను. అరటిపండు గుర్తురాలేదు. చిన్నప్పుడు అంగడిలో కొనుక్కున్న పసుపురంగు పుల్ల ఐసు గుర్తొచ్చింది.

మన వంటల్లో పార్స్‌నిప్ ఎక్కడ ఇముడుతుందో తేల్చుకోవడానికి కొంతకాలం పట్టింది. సాంబారులో వేస్తే సాంబారును చెడగొడుతుంది. జీలకర్ర కారం చల్లిన వేపుడు బాగుంటుంది. అన్నిటికంటే కుదిరింది పులుసు. చిలగడదుంప పులుసు పెట్టే పద్ధతిలోనే, బెల్లం ఒక్క పలుకు కూడా వేయకుండా. చింతపండు పులుపును ఈ దుంప లోపలికి పీల్చుకుని తన తీపిని బయటికి వదులుతుంది. అమ్మ ఆ పులుసుతో రెండు పూటలు తిని, మూడో పూట "మన కందకు సాటిరాదులే" అంది. ఆ మాట పడకుండా అమ్మ చేత తినిపించిన కూరగాయ ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

మా అక్క హైదరాబాద్‌లో మిద్దె మీద తోట పెంచుతుంది. కార్తీకంలో గ్రో బ్యాగుల్లో క్యారెట్ విత్తి, సంక్రాంతి దాటాక పీకుతుంది. కురోడా రకం, మట్టికి సమానంగా కోకోపీట్ కలుపుతుంది గనక దుంప బాగానే ఊరుతుంది. క్యారెట్‌కు పదిహేను ఇరవై డిగ్రీల వాతావరణం ఇష్టం. ముప్పై దాటితే రంగు పాలిపోయి పొట్టిగా, చేదుగా తయారవుతుంది, కాబట్టి ఆ రెండు మూడు నెలలే దొరికిన అదను. ఒక ఏడు అక్కకు సొంత విత్తనం మీద మనసు పోయింది. "నాలుగు మొక్కలు వదిలేశానే. ఆకులే ఆకులు. మార్చి వచ్చింది, ఏప్రిల్ వచ్చింది, ఒక్కటీ పూయలేదు. మేలో మాడిపోయాయి" అంది ఫోన్‌లో. విత్తనం నకిలీదని దాని అనుమానం.

విత్తనం తప్పేమీ లేదు. ఏడాది గడిచిందని ఈ మొక్కకు చెప్పేది క్యాలెండరు కాదు, చలి. పది డిగ్రీలకు లోపు ఉండే చలి ఆరేడు వారాలు తగిలితేనే యూరప్ రకాల్లో పూత మొగ్గ కదులుతుంది. హైదరాబాద్‌లో నాలుగు రాత్రుళ్లు ఆ స్థాయికి దిగినా పగటి ఎండ ఆ జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది. అక్క మిద్దె మీది క్యారెట్‌కు చలికాలం రానే లేదు. దుంప నిండింది, ఆకు నిగనిగలాడింది, అన్నీ సిద్ధం. తీసి ఖర్చుపెట్టమన్న కబురు మాత్రం అందలేదు. అది ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ రోహిణి కార్తెలోకి వెళ్లిపోయింది.

మన దేశంలో యూరప్ రకాల క్యారెట్ విత్తనం కొండల్లో పండించేది అందుకే. కులూ లోయలోని కట్రాయిన్‌లో పూసా వ్యవసాయ పరిశోధన సంస్థకు ఒక కేంద్రమే ఉంది, పూసా యమదగ్ని రకం అక్కడిదే. ఉత్తరాదిన చలికాలంలో హల్వాకు వాడే ఎర్రటి నాటు క్యారెట్ మాత్రం అంత చలి అడగదు, మైదానాల్లోనే పూసి గింజ కడుతుంది. పూసా కేసర్ ఆ ఎర్రదానికీ నాంటెస్ అనే ఫ్రెంచి రకానికీ పుట్టిన బిడ్డ. పండించేది మైదానాల్లోనే, పూసేదీ అక్కడే. ఎన్నో తరాలు ఆ ఎండలో బతికి, చలి కోసం కాచుక్కూర్చోవడం మానేసిన జాతి అది. మన బజారుకు ఊటీ నుంచి వచ్చే నారింజ క్యారెట్ వేరే తీరు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ నీలగిరులెక్కి సీమ కూరగాయలు వేయించి రెండు వందల ఏళ్లు దాటింది. అవి దిగింది మాత్రం తమ దేశంలాంటి చల్లటి చోటులోనే.

అక్కకు ఇదంతా ఫోన్‌లో వివరిస్తూ ఉంటే మా స్నేహితుల సంగతి మనసులో మెదిలింది. ఇక్కడి తెలుగువాళ్లలో "ఇంకో ఐదేళ్లు, ఆ తర్వాత వెళ్లిపోదాం" అనని ఇల్లు నాకు తెలియదు. మా ఇల్లూ అంతే. శంషాబాద్ దగ్గర ఒకరికి, అమరావతి దగ్గర ఒకరికి మూడేసి వందల గజాలు ఉంటాయి. అక్కడ కట్టబోయే ఇంటికి టైల్సు దాకా ఎంచి పెట్టుకున్నవాళ్లున్నారు. ఐదేళ్లు గడుస్తాయి, పిల్లల చదువు మరో ఐదు అడుగుతుంది. దాచడంలో లోపమేమీ లేదు. ఇక చాలు, లెమ్మని చెప్పే చలి ఏదో తగలాలి. అది కొందరికి నాన్నగారి ఆసుపత్రి రూపంలో వస్తుంది. అలా వచ్చినప్పుడు వెళ్లేది ఇల్లు కట్టడానికి కాదు. పూసా కేసర్‌లా ఉన్నచోటే పూసేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లు, వీళ్లిక తిరిగి రారులే అని జాలిపడతారు. ఎవరు ఎవరిని చూసి జాలిపడాలో నాకు ఇంకా తేలలేదు.

ఇక్కడ చలికి లోటు లేదు గనక నేను పోయిన చలికాలం కొన్ని పార్స్‌నిప్‌లను తవ్వకుండా వదిలేశాను. మామూలుగా మార్చి వచ్చేసరికి మిగిలినవన్నీ తీసేయాలంటారు. నేల కాస్త వెచ్చబడగానే తల మీద కొత్త చిగురు లేస్తుంది, అప్పటినుంచి చక్కెర కిందనుంచి పైకి నడుస్తుంది, దుంప రోజురోజుకీ చెక్కబారుతుంది. వదిలేసినవి ఏప్రిల్ నుంచి ఒకటే పరుగు. జూన్‌కల్లా నా తల దాటిపోయాయి. వేలు దూరేంత బోలు కాడ, కొమ్మ కొమ్మకూ పసుపుపచ్చ గొడుగులు. తోటలో అంతకు ముందెప్పుడూ చూడని పురుగులు వాటి మీదికి వచ్చాయి: కందిరీగల వేషం వేసుకునే ఈగలు, నిజం కందిరీగలు, ఎర్రటి చిన్న పెంకుపురుగులు. సొంపు అనదగ్గ మొక్క కాదు. ఆబగా, చిందరవందరగా ఉంటుంది. ఏడాదిపాటు కూడబెట్టింది ఒక్క వేసవిలో తగలేస్తుంటే ఎవరైనా అలాగే ఉంటారేమో.

దాన్ని ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. ఆకులో, కాడలో ఉండే రసం చర్మానికి అంటి, ఆపైన ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది, మచ్చ నెలల తరబడి పోదు. పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మబ్బు పట్టిన రోజు చూసుకుని పని చేయాలి. ఇంగ్లండ్‌లో మబ్బు రోజు కోసం వెతకనక్కర్లేదు. ఆగస్టు చివర గొడుగులు ఎండి, గింజలు గోధుమరంగుకు తిరిగాయి. కోసి కాగితం సంచిలో వేశాను. ఒక్క మొక్క ఇచ్చినవే వీధి మొత్తానికి సరిపోతాయి. అప్పుడు మొదట్లో పార పెట్టి తవ్వి చూస్తే దుంప చోట కర్రముక్కలాంటిది మిగిలింది, లోపల డొల్ల. పైసా మిగల్చలేదు.

క్యారెట్ పువ్వు ఇంతకంటే చక్కనిది, తెల్లటి లేసు అల్లిక. గింజ కట్టేటప్పుడు గొడుగు లోపలికి ముడుచుకుని పిచ్చుకగూడులా అవుతుంది. అయితే రోడ్డు పక్క అడవి క్యారెట్ పుప్పొడి దీని మీద పడితే పుట్టే బిడ్డలు తెల్లగా, సన్నగా, నారతో వస్తాయి. పిసినారితనం ఒక్క తరంలో జారిపోతుంది. అందుకని ఇక్కడ క్యారెట్ విత్తనం నేను కొంటాను, పార్స్‌నిప్‌ది ఉంచుకుంటాను.

అక్క పట్టు వదిలే మనిషి కాదు. చలే కదా కావాల్సింది, ఇంట్లో ఫ్రిజ్ లేదా అంది. దాని ఆలోచన తప్పేమీ కాదు. విత్తనాలు పండించేవాళ్లు కూడా దుంపల్ని శీతల గిడ్డంగిలో కొన్ని వారాలు ఉంచి తీసి నాటుతారు. శ్రావణంలో రైతుబజారు నుంచి తలలు కొయ్యని ఊటీ క్యారెట్లు ఏరి తెచ్చుకుని, తడి ఇసుక ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ అడుగు అరలో ఉంచింది. దసరా వెళ్లాక తీసి కుండీల్లో నాటితే మాఘంలో పూత చూడొచ్చని లెక్క. రోజూ మూత తీసి చూసుకునేది. సరిగ్గా దసరా ముందు అక్క ఎవరిదో పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇంట్లో నెయ్యి వాసన.

"మీ బావ హల్వా చేయించుకు తిన్నారే. ఇసుక కడిగి మరీ తిన్నారు. ఈసారి ఎంత తియ్యగా ఉన్నాయో క్యారెట్లు అంటున్నారు" అంది అక్క.

చలికి తీపెక్కి ఉంటాయిలే అని నేను శాస్త్రం చెప్పబోతే ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు మళ్లీ కొత్త డబ్బా పెట్టింది. మూత మీద స్కెచ్ పెన్నుతో 'విత్తనానికి' అని, కింద బావగారి పేరు రాసి 'ముట్టుకోరాదు' అని రాసిందట.